మనవాళ్లెవరో టి కణానికి ఎలా తెలుస్తుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన కార్యదర్శి గారు ఫోన్ చేసి మూడు షరతులు పెట్టారు. ఇరవై నిమిషాలు మించకూడదు, నువ్వు రోజూ చేసే పని గురించే చెప్పాలి, అందరికీ అర్థం కావాలి అన్నారు. మొదటి రెండూ నా చేతిలో ఉన్నాయి. మూడోది మీ చేతిలో ఉంది.

నాది 1984 పదో తరగతి బ్యాచ్. చాలా ఏళ్లుగా ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో పని చేస్తున్నాను. కిడ్నీ మార్పిడికి, ఎముక మజ్జ మార్పిడికి ముందు ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ జత కుదురుతుందో లేదో చూడటం మా విభాగం పని. బ్లడ్ గ్రూపు కలిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. అక్కడ అసలు తీర్పు చెప్పేది ఒక ప్రోటీన్. దాని పేరు టి సెల్ రిసెప్టర్. తెలుగులో టి కణ గ్రాహకం అనవచ్చు. ఈ రోజు దాని కథ చెబుతాను. చివర్లో సంఘానికి ఒక విన్నపం ఉంది.

మీ చేతి మీద జరిగే పరీక్ష

మీలో చాలామంది క్షయకు సంబంధించిన మాంటూ పరీక్ష చేయించుకుని ఉంటారు. ముంజేతి చర్మంలో చిన్న ఇంజెక్షన్ ఇచ్చి, రెండు మూడు రోజులు ఆగి రమ్మంటారు. రక్తపరీక్షలా అదే రోజు ఎందుకు చెప్పరు? ఎందుకంటే ఆ ఫలితాన్ని రాసేది మన శరీరమే, దానికి ఆ వ్యవధి కావాలి. క్షయ క్రిమిని ఇదివరకు చూసిన టి కణాలు ఒంట్లో ఉంటే, అవి రక్తంలోంచి ఆ చోటికి చేరి, తోటి కణాలను పిలుస్తాయి. అక్కడ చర్మం గట్టిపడుతుంది. దానికి 48 నుంచి 72 గంటలు పడుతుంది. అప్పుడు డాక్టరు గారు స్కేలు పెట్టి కొలిచేది ఎరుపును కాదు, ఆ గట్టిపడిన మేరను. అంటే టి కణాల జ్ఞాపకాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తున్నారన్నమాట.

టి కణం ఒక రకం తెల్లరక్త కణం. అడ్డంగా కొలిస్తే సుమారు 7 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఏడు. ఒక్కో టి కణం పైపొర మీద దాదాపు 30,000 గ్రాహకాలు ఉంటాయి. ఒక కణం మీద ఉన్నవన్నీ ఒకే అచ్చు. పక్క కణం మీద ఉన్న అచ్చు వేరు.

మన జీవశాస్త్రం పాఠాల్లో యాంటీబాడీల గురించి చదువుకున్నాం. యాంటీబాడీ రక్తంలో తిరుగుతూ, క్రిమి కనబడితే నేరుగా పట్టుకుంటుంది. టి కణ గ్రాహకానికి ఆ స్వేచ్ఛ లేదు. అది కణాన్ని వదిలి బయటికి రాదు. ఎదురుగా వైరస్ ఈదుకుంటూ పోతున్నా అది పట్టించుకోదు. మరి అది దేన్ని చూస్తుంది?

దోసిట్లో పెట్టి చూపిస్తేనే

దీనికి మొదటి జవాబు 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా నుంచి వచ్చింది. పీటర్ డోహెర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకలకు మెదడు పొరల్లో వాపు తెచ్చే వైరస్ ఎక్కించారు. ఆ ఎలుకల టి కణాలను తీసి, అదే వైరస్ సోకిన కణాలతో కలిపారు. ఆ కణాలు అదే రకం ఎలుకవైతే టి కణాలు వాటిని చంపేశాయి. వేరే రకం ఎలుకవైతే, లోపల అదే వైరస్ ఉన్నా వదిలేశాయి. టి కణం శత్రువును మాత్రమే చూడటం లేదు, శత్రువు ఎవరి ఇంట్లో ఉందో కూడా చూస్తోందని తేలింది. ఈ పనికి వారిద్దరికీ 1996లో నోబెల్ బహుమతి వచ్చింది.

సంగతి ఇదీ. మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ తన లోపల తయారైన ప్రోటీన్లను ముక్కలు చేసి, ఆ ముక్కలను బయటికి తెచ్చి చూపిస్తూ ఉంటుంది. చూపించడానికి ఒక ప్రత్యేక ప్రోటీన్ ఉంది. మనుషుల్లో దాన్ని హెచ్.ఎల్.ఎ. అంటారు. దీని ఆకారాన్ని 1987లో హార్వర్డ్‌లో పమేలా బ్యోర్క్‌మన్, జాక్ స్ట్రోమింజర్, డాన్ వైలీ బయటపెట్టారు. కింద చదునైన అడుగు, రెండు వైపులా రెండు గట్లు, మధ్యలో గాడి. రెండు చేతులూ కలిపి దోసిలి పట్టినట్టు ఉంటుంది. ఆ దోసిట్లో ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాలున్న చిన్న ముక్క ఇముడుతుంది. రెండో తరగతి హెచ్.ఎల్.ఎ. అని ఇంకొకటి ఉంది. దాని దోసిలి రెండు కొసలా తెరిచి ఉంటుంది కాబట్టి ఇంకా పొడవైన ముక్కలు పడతాయి.

ఆరోగ్యంగా ఉన్న కణం దోసిట్లో మన సొంత ప్రోటీన్ల ముక్కలే ఉంటాయి. వైరస్ దూరితే, దాని ముక్క కూడా వచ్చి అక్కడ కూర్చుంటుంది. టి కణం వచ్చి దోసిట్లో ఏముందో చూస్తుంది, ఆ దోసిలి ఎవరిదో కూడా చూస్తుంది. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి. నా ఉద్యోగమంతా దాని మీదే నడుస్తోంది.

ఆరు ఉచ్చులు, ఎనిమిది గొలుసులు

టి కణ గ్రాహకపు ప్రోటీన్‌ను 1980ల మొదట్లో గుర్తించారు. వారిలో జేమ్స్ ఆలిసన్ ఒకరు. తర్వాత ఇంకో పరిశోధనకు ఆయన 2018లో నోబెల్ అందుకున్నారు. జన్యువులు దొరికింది మాత్రం మాకు బాగా గుర్తుండే నెలలో. 1984 మార్చిలో మేము ఇదే హాల్లో పదో తరగతి పరీక్షలు రాస్తుంటే, నేచర్ పత్రికలో రెండు బృందాల ఫలితాలు ఒకేసారి అచ్చయ్యాయి. అమెరికాలో స్టీఫెన్ హెడ్రిక్, మార్క్ డేవిస్ల బృందం ఎలుకలోనూ, కెనడాలో టాక్ మాక్ బృందం మనిషిలోనూ ఆ జన్యువును పట్టుకున్నాయి. అప్పుడు మాకు ఆ సంగతి తెలియదు. తెలిసినా సిలబస్‌లో లేదని వదిలేసేవాళ్లం.

చాలా టి కణాల మీద ఉండే గ్రాహకంలో రెండు గొలుసులు ఉంటాయి. ఒకటి ఆల్ఫా, రెండోది బీటా. కణం పొరకు దగ్గరలో ఒక గంధక బంధం వాటిని కలిపి ఉంచుతుంది. ఒక్కో గొలుసుకు రెండు భాగాలు. పొరకు దగ్గరగా ఉన్న భాగం అన్ని టి కణాల్లోనూ ఇంచుమించు ఒకటే. పైన ఉన్న భాగం కణానికీ కణానికీ మారుతుంది. ఆ పై కొసన ఒక్కో గొలుసుకు మూడు చొప్పున ఆరు ఉచ్చులు ఉంటాయి. 1996లో హార్వర్డ్‌లోనూ, కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలోనూ, గ్రాహకం దోసిలి మీద వాలి ఉన్న భంగిమను ఎక్స్‌రేలతో చూశారు. గ్రాహకం దోసిలి మీద ఐమూలగా కూర్చుంటుంది. మొదటి రెండు జతల ఉచ్చులు ఎక్కువగా దోసిలి గట్లను తడుముతాయి. మూడో జత మధ్యలో ఉన్న ముక్కను తడుముతుంది. చేతినీ చేతిలోదాన్నీ ఒకే తాకుడులో చూడటమంటే ఇదే.

ఈ పట్టు చాలా బలహీనం. చాలాసార్లు కొన్ని సెకన్లలోనే వదిలేస్తుంది. అది లోపమేమీ కాదు. ఒక్కచోటే అతుక్కుపోతే మిగతా లక్షల కణాలను చూసేదెవరు? అయినా సరైన ముక్క దొరికితే, పది దోసిళ్ల లోపు చాలు, టి కణం మేలుకుంటుంది.

ఇక్కడొక చిత్రం ఉంది. ఆల్ఫా, బీటా గొలుసులకు కణం లోపలికి వెళ్లే తోక చాలా పొట్టి. బయట చూసిన సంగతి లోపలికి చెప్పే శక్తి వాటికి లేదు. ఇంటి గుమ్మం దగ్గర కాలింగ్ బెల్ స్విచ్ ఉంటుంది, గంట లోపల ఉంటుంది, మధ్యలో తీగ కావాలి. ఆ తీగ పని చేసేవి ఇంకో ఆరు గొలుసులు. నాలుగు సి.డి.3 గొలుసులు, రెండు జీటా గొలుసులు. పొర లోపల గ్రాహకం గొలుసులకు ధన విద్యుదావేశం, వీటికి రుణావేశం ఉంటాయి కాబట్టి అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మొత్తం ఎనిమిది గొలుసుల కట్ట. మనిషి గ్రాహకంలో ఈ కట్ట మొత్తం ఎలా అమరి ఉందో 2019లో చైనాలోని హార్బిన్ శాస్త్రవేత్తలు అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపించారు.

ఈ ఆరు తోకల్లో మొత్తం పది చోట్ల సంకేత స్థానాలు ఉన్నాయి. గ్రాహకం సరైన దోసిలిని తాకగానే ఎల్.సి.కె. అనే ఎంజైమ్ ఆ స్థానాల మీద ఫాస్ఫేట్లు అతికిస్తుంది. వాటి మీదకు జాప్-70 అనే ఇంకో ఎంజైమ్ వచ్చి చేరుతుంది. కణంలో కాల్షియం పెరుగుతుంది. కాల్సిన్యూరిన్ అనే ప్రోటీన్ ఆ కబురును కేంద్రకం దాకా చేరుస్తుంది. అయినా ఈ ఒక్క గంట మోగితే చాలదు. చూపించే కణం నుంచి రెండో అనుమతి కూడా రావాలి. రెండూ వస్తేనే టి కణం ఒకటి రెండై, రెండు నాలుగై, సైన్యమవుతుంది.

హల్లు, ఒత్తు, గుణింతం

ఇన్ని రకాల క్రిములకు ఇన్ని రకాల గ్రాహకాలు ఎక్కడివి? మనిషికున్న ప్రోటీన్ జన్యువులు మొత్తం ఇరవై వేల చిల్లర మాత్రమే. ఇక్కడ మన తెలుగు మాస్టారు పాఠం పనికొస్తుంది. హల్లులు కొన్నే, ఒత్తులు కొన్నే, గుణింతాలు కొన్నే. కలుపుకుంటూ పోతే వేల అక్షరాలు. బీటా గొలుసు జన్యువు ఏడో క్రోమోజోము మీద ఉంది. అందులో వి భాగాలు, డి భాగాలు, జె భాగాలు అని మూడు వరసలు. ఒక్కో టి కణం పుట్టేటప్పుడు ఒక్కో వరసలోంచి ఒకటి తీసి, మధ్యలో ఉన్న డి.ఎన్.ఎ.ను కత్తిరించి పారేసి, అతికిస్తుంది. ఆల్ఫా గొలుసు జన్యువు పద్నాలుగో క్రోమోజోము మీద ఉంది. దానికి ఒత్తు లేదు, వి భాగం, జె భాగం మాత్రమే. అతికించే చోట కొన్ని కొత్త అక్షరాలు చేరుతాయి, కొన్ని రాలిపోతాయి. మూడో జత ఉచ్చులు సరిగ్గా ఆ అతుకుల దగ్గరే తయారవుతాయి. క్రిమి ముక్కను తడిమేవి అవే కదా, ఎక్కువ వైవిధ్యం ఉండాల్సింది అక్కడే.

కత్తిరించే పని రాగ్-1, రాగ్-2 అనే రెండు ప్రోటీన్లది. పుట్టుకతో అవి పనిచేయని పిల్లలకు టి కణాలూ ఉండవు, యాంటీబాడీలు చేసే బి కణాలూ ఉండవు. మామూలు జలుబు వైరస్ కూడా వారికి ప్రాణాంతకం కావచ్చు.

ఇలా గుడ్డిగా కలిపితే పనికిరానివీ ప్రమాదకరమైనవీ కూడా పుడతాయి. అందుకే పరీక్ష ఉంది. రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన బాలగ్రంథి ఉంటుంది. అదే థైమస్. దాని పని ఏమిటో 1961లో జాక్ మిల్లర్ చూపించేదాకా అది పనిలేని అవయవమనే అనుకున్నారు. అక్కడ టి కణానికి రెండు పరీక్షలు. మొదటిది: మన దోసిలిని అసలు చదవగలవా? చదవలేని కణం చనిపోతుంది. రెండోది: మన దోసిట్లో మన సొంత ముక్క ఉన్నప్పుడు గట్టిగా పట్టుకుంటున్నావా? అలా పట్టుకునే కణాల్లో చాలా వాటిని చంపేస్తుంది, కొన్నింటిని కాపలా కాసేవారిని అదుపులో పెట్టే ఉద్యోగానికి పంపుతుంది. ఆ అదుపు కణాల పరిశోధనకే 2025 నోబెల్ బహుమతి ముగ్గురికి దక్కింది. నూటికి 95 పైగా కణాలు బాలగ్రంథి దాటి బయటికి రావు. మన లెక్కల మాస్టారు ఎంత కఠినమైనా ఇంత తక్కువ మందిని పాస్ చేయలేదు.

ఇద్దరు అక్కలు, ఒక తమ్ముడు

ఇప్పుడు నా బల్ల దగ్గరికి వద్దాం. బాలగ్రంథిలో టి కణం నేర్చుకున్నది తన సొంత దోసిలిని మాత్రమే. కానీ హెచ్.ఎల్.ఎ. జన్యువులు మనిషి మనిషికీ మారుతాయి. మనుషుల జన్యువుల్లో వాటన్ని రకాలున్నవి లేవు. పరాయి దోసిలి ఎదురైతే మన టి కణాల్లో నూటికి 1 నుంచి 10 దాకా ఒకేసారి తిరగబడతాయి. అందుకే కిడ్నీని తోసేస్తాయి. మజ్జ మార్పిడిలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. వచ్చిన మజ్జలోని దాత టి కణాలు రోగి ఒళ్లంతా పరాయిదనుకుని చర్మం, పేగులు, కాలేయం మీద పడతాయి.

కొంతకాలం క్రితం ఒక కుటుంబం వచ్చింది. ఏడేళ్ల బాబుకి థలసీమియా. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మజ్జ మార్పిడి జరిగితే ఆ అవసరం తీరిపోవచ్చు. ఇద్దరు అక్కలూ ఇస్తామన్నారు. పరీక్ష చేస్తే ఇద్దరికీ తమ్ముడితో సగమే కలిసింది. చిత్రమేమిటంటే, అక్కాచెల్లెళ్లిద్దరికీ ఒకరితో ఒకరికి పూర్తిగా కలిసింది. పెద్దమ్మాయి రిపోర్టు చూసి, "నాది చెల్లికి సరిపోతుందంటున్నారు, జబ్బు తమ్ముడికి కదా మేడమ్" అంది. ఆ మాటకు నా దగ్గర శాస్త్రం ఉంది కానీ ఓదార్పు లేదు. కాగితం మీద గీసి చూపించాను. హెచ్.ఎల్.ఎ. జన్యువులన్నీ ఆరో క్రోమోజోము మీద ఒక కట్టగా ఉంటాయి. నాన్నకు రెండు కట్టలు, అమ్మకు రెండు. పిల్లలకు చెరొక కట్ట వస్తుంది. కాబట్టి నాలుగు రకాల పిల్లలు పుట్టవచ్చు. ఏ ఇద్దరు తోబుట్టువులకైనా పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. అక్కలిద్దరికీ వచ్చిన జత తమ్ముడికి రాలేదు, అంతే.

మేనరికాల ఇళ్లలో అమ్మానాన్నలకు ఒక కట్ట ఉమ్మడిగా ఉండి, ఒక్కోసారి తల్లితోనో తండ్రితోనో జత కుదురుతుంది. థలసీమియా వచ్చే అవకాశాన్ని పెంచేదీ ఆ మేనరికమే. ఇప్పుడు సగం కలిసినా మార్పిడి చేసే పద్ధతులు వచ్చాయి. వాటిలో కష్టం కూడా ఉంది. పూర్తిగా కలిసే దాత దొరికితే డాక్టర్లు ఇప్పటికీ దానికే మొగ్గు చూపుతారు. ఆ బాబుకి బంధువుల్లో ఎవరిదీ కలవలేదు. రిజిస్ట్రీల్లో వెతికారు, దొరకలేదు. ఇంకా రక్తం ఎక్కిస్తూనే ఉన్నారు.

గ్రాహకాన్ని అదుపు చేయడం, అరువు తెచ్చుకోవడం

జత కుదిరినా గ్రాహకం మాట వినదు కాబట్టి మందులు వాడతారు. మార్పిడి అయినవారు ఏళ్ల తరబడి మింగే టాక్రోలిమస్, ఇందాక చెప్పిన కాల్సిన్యూరిన్‌ను ఆపుతుంది. గ్రాహకం చూస్తూనే ఉంటుంది, కబురు మాత్రం లోపలికి పోదు. మజ్జ మార్పిడి తర్వాత దాత కణాల దాడిని తగ్గించడానికి చాలా చోట్ల దీనికి తోడుగా మెథోట్రెక్సేట్ కూడా ఇస్తారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ సంస్థ బృందం తెచ్చిన మందు అది. ఆ పేరు ప్రిస్క్రిప్షన్‌లో చూసినప్పుడల్లా నాకు కొంచెం గర్వంగా ఉంటుంది.

ఇంకో దారి, గ్రాహకాన్నే కొత్తగా తయారు చేయడం. దాన్ని కార్-టి అంటారు. రోగి టి కణాలను తీసి, వాటికి కొత్త జన్యువు ఇస్తారు. బయటి కొస యాంటీబాడీది, అందుకే దోసిలితో పని లేకుండా క్యాన్సర్ కణాన్ని నేరుగా పట్టుకుంటుంది. లోపలి తోక మాత్రం మన జీటా గొలుసుదే. స్విచ్ మార్చారు, పాత తీగే ఉంచారు. అమెరికాలో 2017లో మొదటి కార్-టి మందుకు అనుమతి వచ్చింది. మన దేశంలో ఐ.ఐ.టి. బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తయారు చేసిన నెక్స్‌కార్-19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. విదేశాల్లో అయ్యే దానిలో దాదాపు పదో వంతు ఖర్చుకే అందించడం వారి లక్ష్యం. అది కొన్ని రకాల రక్త క్యాన్సర్లకు మాత్రమే. థలసీమియా బాబుకి ఇది పనికిరాదు. అతనికి కావలసింది సరిపడే దాత.

సంఘానికి విన్నపం

ప్రపంచం మొత్తం మీద రిజిస్ట్రీల్లో 4 కోట్లకు పైగా దాతల పేర్లు ఉన్నాయి. అందులో మనవాళ్లు చాలా తక్కువ. హెచ్.ఎల్.ఎ. రకాలు వంశాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి వస్తాయి కాబట్టి తెలుగు పిల్లవాడికి జత దొరికే ఆశ ఎక్కువగా తెలుగువాళ్లలోనే ఉంటుంది. మనవాళ్లు పేర్లు ఇవ్వకపోతే ఆ జాబితా ఎంత పొడవుగా ఉన్నా వాడికి ఉపయోగం లేదు.

పేరు ఇవ్వడానికి బుగ్గ లోపల దూది పుల్లతో రుద్దితే చాలు. ఎప్పుడైనా ఎవరికైనా జత కుదిరితే, ఎక్కువసార్లు నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, ప్లేట్‌లెట్లు తీసినట్టే యంత్రంతో కొన్ని గంటల్లో మూలకణాలు తీస్తారు. ఆ ఇంజెక్షన్లకు ఒళ్లు నొప్పులు వస్తాయి, తర్వాత తగ్గిపోతాయి. తీసిన కణాలు మళ్లీ తయారవుతాయి.

మా బ్యాచ్ వాళ్లకు వయసు దాటిపోయింది. రిజిస్ట్రీలు చిన్న వయసు దాతలనే కోరుకుంటాయి. కాబట్టి నేను అడుగుతున్నది మీ పిల్లల్ని, ఈ మధ్య బ్యాచ్‌ల వాళ్లని. చెన్నై కేంద్రంగా ఉన్న దాత్రి వంటి రిజిస్ట్రీలు అడిగితే శిబిరాలు పెడతాయి. వచ్చే ఏడాది వార్షిక సమావేశంలో, రక్తదాన శిబిరం పక్కనే, అలాంటి బల్ల ఒకటి వేయించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పేరు ఇచ్చేముందు ఇంట్లో మాట్లాడండి, అమ్మానాన్నల్ని, భార్యనో భర్తనో ఒప్పించండి. పేరు ఇవ్వకపోతే ఎవరూ తప్పు పట్టరు. కానీ జత కుదిరి, మార్పిడి తేదీ పెట్టుకున్నాక దాత వెనక్కి తగ్గితే, అప్పటికే రోగి సొంత మజ్జను మందులతో తుడిచేసి ఉండవచ్చు. అప్పుడు ఆ బిడ్డకు రెండో దారి వెతకడానికి కూడా వ్యవధి ఉండదు. అందుకే నాకు నూరు పేర్లు కాదు, మాట మీద నిలబడే ఇరవై పేర్లు కావాలి.

శిబిరం పెడితే నేను సెలవు పెట్టి వస్తాను. బుగ్గ రుద్దడం నేనే నేర్పిస్తాను. మన జీవశాస్త్రం ఉపాధ్యాయులు ఒప్పుకుంటే, ఆ రోజు పదో తరగతి పిల్లలకు దోసిలి బొమ్మ వేసి ఈ పాఠం మళ్లీ చెబుతాను.